పథకం పేరుతో వచ్చిన యాప్ మీ ఫోన్‌లో ఏం అడగొచ్చు? ఏం అడగకూడదు?

అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్, ఎన్టీఆర్ భరోసా పింఛను, తల్లికి వందనం, దీపం పథకాల లబ్ధిదారులు, ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ చూసిపెట్టే పిల్లలు, డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లు, సచివాలయ సిబ్బంది చదవగలరు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏ యాప్ వేసుకున్నా ‘అలో’ నొక్కమని ఒక చిన్న పెట్టె వస్తుంది కదా, ఈ పీడీఎఫ్ దాని గురించే. ఆ పెట్టెలో ఏముందో చదవకుండా నొక్కడం వల్ల విడత డబ్బుతో పాటు ఖాతాలో ఉన్న డబ్బు కూడా పోయే ప్రమాదం ఉంది.

అసలు యాప్ అవసరమా?

చాలా పథకాలకు మీ ఫోన్‌లో ఏ యాపూ అక్కర్లేదు. ఈ సంగతి తెలిస్తే సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది. ఎన్టీఆర్ భరోసా పింఛను సచివాలయ సిబ్బంది ఇంటికొచ్చి ఇస్తారు. వేలిముద్ర అయినా, ముఖం అయినా వాళ్ల దగ్గరున్న పరికరంలోనే తీసుకుంటారు. పింఛనుదారుకు సొంత ఫోన్ లేకపోయినా ఇబ్బంది లేదు. తల్లికి వందనం డబ్బు ఆధార్‌తో లింకైన తల్లి ఖాతాలో పడుతుంది. స్త్రీశక్తి ఉచిత బస్సులో గుర్తింపు కార్డు చూపిస్తే చాలు.

అన్నదాత సుఖీభవ కింద రైతుకు ఏడాదికి 20,000 రూపాయలు మూడు విడతల్లో వస్తుంది. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000 ఇందులో కలిసే ఉంది. 2025 ఆగస్టు 2న మొదటి విడతగా 7,000 నేరుగా ఖాతాల్లో జమ అయ్యింది. ఆ డబ్బు పడటానికి రైతు తన ఫోన్‌లో యాప్ వేసుకోవాలనే నిబంధన లేదు. పేరు ఉందో లేదో డౌట్ ఉంటే రైతు సేవా కేంద్రంలో అడగొచ్చు, పీఎం కిసాన్ వరకైతే 155261కి ఫోన్ చేయొచ్చు.

వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు కావాలంటే మన మిత్ర ఉంది. 2025 జనవరి 30న మొదలైంది. 95523 00009 నంబరు సేవ్ చేసుకుని ‘హాయ్’ అని పెడితే సేవల మెనూ వస్తుంది. ఇది మీ ఫోన్‌లో ఇప్పటికే ఉన్న వాట్సాప్‌లో జరిగే సంభాషణ. కొత్తగా దిగుమతి చేసుకునేది ఏమీ ఉండదు కాబట్టి కొత్తగా ఇచ్చే అనుమతి కూడా ఉండదు. మన మిత్ర పేరు చెప్పి ఎవరైనా ‘ఈ ఫైలు ఇన్‌స్టాల్ చేసుకోండి’ అన్నారంటే అది మన మిత్ర కాదు.

అనుమతి అంటే ఏంటి?

కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మనిషిని వరండాలోకి రానిస్తాం, బీరువా తాళం మాత్రం చేతికి ఇవ్వం. ఫోన్‌లో అనుమతి కూడా అలాంటిదే. కెమెరా, లొకేషన్, మైకు, కాంటాక్టులు, మెసేజ్‌లు, ఫోటోలు, కాల్ వివరాలు, ఇలా ఒక్కో గదికి ఒక్కో తాళం. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 కంటే ముందు యాప్ వేసుకునేటప్పుడే అన్ని తాళాలూ ఒకేసారి ఇచ్చేయాల్సి వచ్చేది. ఆ తర్వాత నుంచి పని పడినప్పుడు విడివిడిగా అడుగుతుంది. అంటే ఒకటి ఇచ్చి ఇంకోటి ఇవ్వకుండా ఉండే హక్కు మీ చేతిలో ఉంది. ఇచ్చినదాన్ని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు కూడా.

పెట్టెలో మామూలుగా మూడు జవాబులు కనిపిస్తాయి. ఇంగ్లీషులో ఉన్న ఫోన్‌లో ‘వైల్ యూజింగ్ ది యాప్’, ‘ఓన్లీ దిస్ టైమ్’, ‘డోంట్ అలో’ అని ఉంటుంది. తెలుగులో పెట్టుకున్న ఫోన్‌లో ‘యాప్‌ను ఉపయోగిస్తున్నప్పుడు’, ‘ఈసారి మాత్రమే’, ‘అనుమతించవద్దు’ అని వస్తాయి. కంపెనీని బట్టి మాటలు కాస్త మారొచ్చు. డౌట్ ఉన్నప్పుడు ‘ఈసారి మాత్రమే’ నొక్కండి. పని అవుతుంది, యాప్ మూసేసిన కాసేపటికి అనుమతి దానంతటదే పోతుంది. ఇది ఆండ్రాయిడ్ 11 నుంచి ఉంది, కానీ కెమెరా, మైకు, లొకేషన్‌లకు మాత్రమే వస్తుంది. ఎస్సెమ్మెస్‌కు, కాంటాక్టులకు ఇవ్వడమా మానడమా, రెండే దారులు.

ఎస్సెమ్మెస్ అనుమతి: డబ్బు పోయేది ఇక్కడే

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే దొంగ ఫైళ్లకు ఒక తీరు ఉంది. ‘పీఎం కిసాన్ ఏపీకే’ అనో, ‘కొత్త లబ్ధిదారుల జాబితా’ అనో, ‘వాహనం చలానా’ అనో, ‘బ్యాంకు కేవైసీ’ అనో పేరు పెట్టి పంపిస్తారు. చాలాసార్లు తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే ఆ తెలిసినవాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో పడి ఉంటుంది. విడత ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే రోజుల్లో అలాంటి ఫైలు వస్తే ఎవరికైనా నమ్మబుద్ధి అవుతుంది. పేరు చివర ‘డాట్ ఏపీకే’ అని ఉంటే అది జాబితా కాదు, ఫోటో కాదు, పీడీఎఫ్ కాదు. అది యాప్. నొక్కితే ఫోన్‌లోకి ఎక్కుతుంది.

ఎక్కాక ఏం జరుగుతుంది? ప్రభుత్వ ముద్ర, నాయకుల ఫోటోలు ఉన్న పేజీ ఒకటి తెరుచుకుంటుంది. పేరు, ఆధార్, ఖాతా నంబరు అడుగుతుంది. మధ్యలో ‘ఎస్సెమ్మెస్ సందేశాలను పంపడానికి, చూడటానికి అనుమతించాలా’ అనే పెట్టె వస్తుంది. పథకం పని అవ్వాలి కదా అని ‘అలో’ నొక్కేస్తారు. ఆ క్షణం నుంచి మీకు వచ్చే ప్రతి మెసేజ్ కాపీ ఇంకో చోటికి వెళ్తుంది. బ్యాంకు ఓటీపీ కూడా అందులో ఒకటి. ‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అనే హెచ్చరిక ఇక్కడ పనిచేయదు. మీరు చెప్పలేదు, మీ ఫోనే చెప్పింది. అందుకే బాధితులు ‘నేను ఎవరికీ నంబరు చెప్పలేదండీ’ అంటే నమ్మాలి, అది నిజమే అయ్యుంటుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. యూపీఐ యాప్‌ను కొత్త ఫోన్‌లో వేసినప్పుడు సిమ్ నుంచి ఒక మెసేజ్ బయటకు వెళ్తుంది. అది ఏ నంబరు నుంచి వచ్చిందో చూసి ‘ఈ ఫోన్ ఖాతాదారుదే’ అని వ్యవస్థ నమ్ముతుంది. ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి ఎస్సెమ్మెస్ అనుమతి అడిగేది ఇందుకోసమే, అవి అడగడంలో తప్పు లేదు. దొంగ యాప్‌కు కూడా మెసేజ్ పంపే అనుమతి ఇచ్చారనుకోండి. దొంగ ఎక్కడో కూర్చుని తన ఫోన్‌లో యూపీఐ తెరిచి, ఆ గుర్తింపు మెసేజ్‌ను మీ సిమ్ నుంచి పంపించుకోగలడు. అప్పుడు మీ ఖాతా అతని ఫోన్‌లో తెరుచుకుంటుంది.

ఇది ఊహ కాదు. 2025లో మెకాఫీ సంస్థ పరిశోధకులు ఇలాంటి ఒక యాప్ వివరాలు బయటపెట్టారు. ఇంటిపైన సోలార్ పలకలకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం పేరును అది వాడుకుంది. యూట్యూబ్ వీడియోలతో జనాన్ని నకిలీ పేజీకి రప్పించి యాప్ వేయించింది. నమోదుకు ఒక్క రూపాయి కట్టమని యూపీఐ పిన్ కాజేసింది. కాంటాక్టుల అనుమతి ఇచ్చినవాళ్ల ఫోన్ నుంచి ఆ నంబర్లకు మోసపు మెసేజ్‌లు పంపింది. ఒక్క రూపాయే కదా అనిపిస్తుంది. అక్కడ వాళ్లకు కావాల్సింది రూపాయి కాదు, పిన్.

ఓటీపీ దానంతటదే నిండిపోయే మంచి యాప్‌లు కూడా ఉన్నాయి కదా, అవి మెసేజ్‌లు చదవట్లేదా అని కొందరు అడుగుతారు. ఆ యాప్‌కు చెందిన ఆ ఒక్క మెసేజ్‌ను మాత్రమే అందించే పద్ధతి గూగుల్ దగ్గర వేరే ఉంది. దానికి మొత్తం ఇన్‌బాక్సు చూపించక్కర్లేదు. కాబట్టి ‘ఓటీపీ కోసం ఎస్సెమ్మెస్ అనుమతి తప్పనిసరి’ అని ఏ పథకం యాప్ అన్నా నమ్మొద్దు.

యాక్సెసబిలిటీ: తాళం కాదు, ఇల్లే ఇచ్చేయడం

మామూలు పెట్టెలో కనిపించని అనుమతులు కొన్ని ఉన్నాయి. వీటి కోసం యాప్ మిమ్మల్ని సెట్టింగ్స్‌లోకి తీసుకెళ్లి ఒక మీట ఆన్ చేయమంటుంది. వీటిలో పెద్దది యాక్సెసబిలిటీ. చూపు సరిగా లేనివాళ్లకు తెర మీద ఉన్నది చదివి వినిపించడానికి, చేతులు కదపలేనివాళ్ల తరఫున నొక్కడానికి ఇది పెట్టారు. పనే అది కాబట్టి దానికి తెర మొత్తం కనిపిస్తుంది, మీ తరఫున వేలు నొక్కగలదు కూడా. దొంగ యాప్ చేతికి ఇది చిక్కితే మీరు పిన్ కొడుతుంటే చూస్తుంది, మిగతా అనుమతుల పెట్టెల్లో ‘అలో’ తనే నొక్కేసుకుంటుంది, తీసేయబోతే అడ్డుపడుతుంది.

ఆండ్రాయిడ్ 13 నుంచి గూగుల్ ఒక అడ్డుకట్ట పెట్టింది. వాట్సాప్‌లోనో ఇంకెక్కడో వచ్చిన ఫైలుతో వేసిన యాప్‌కు యాక్సెసబిలిటీ ఇవ్వబోతే ‘రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్’ అని ఆపుతుంది. మోసగాళ్లకు ఇది తెలుసు. అందుకే ఫోన్‌లో లైన్‌లో ఉండి ‘పైన మూడు చుక్కలు నొక్కండి అమ్మా, అక్కడ అలో రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అని ఉంటుంది, అది నొక్కండి’ అని మెల్లగా నడిపిస్తారు. ‘ప్లే ప్రొటెక్ట్ ఆపేయండి’ అని కూడా అంటారు. పథకం ఆఫీసులో పనిచేసే ఏ ఉద్యోగికీ మీ చేత ఇవి నొక్కించాల్సిన అవసరం ఉండదు. ఈ రెండు మాటల్లో ఏది వినిపించినా ఫోన్ పెట్టేయండి, మర్యాద కోసం ఆగక్కర్లేదు.

నోటిఫికేషన్ యాక్సెస్ అనేది ఇంకోటి. ఎస్సెమ్మెస్ ఇవ్వకపోయినా, తెర పైన మెరిసే నోటిఫికేషన్లు చదివితే ఓటీపీ దొరుకుతుంది కదా! 2024లో గూగుల్ భారతదేశంలో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ప్లే స్టోర్ బయట నుంచి, అంటే బ్రౌజరులోనో మెసేజ్‌లోనో ఫైలుగా వచ్చే యాప్ నాలుగు అనుమతుల్లో ఏదైనా కోరితే దాన్ని ఇన్‌స్టాల్ కాకుండా ఆపడం దాని ఉద్దేశం. ఆ నాలుగు ఏంటంటే ఎస్సెమ్మెస్ అందుకోవడం, ఎస్సెమ్మెస్ చదవడం, నోటిఫికేషన్లు చదవడం, యాక్సెసబిలిటీ. మోసపు యాప్‌లు ఎక్కువగా వాడుకునేవి ఇవే కాబట్టి వాటినే ఎంచుకున్నారు. అన్నీ గుర్తుండకపోయినా ఈ నాలుగు గుర్తుంటే చాలు.

ఒక జాగ్రత్త. ఇంట్లో చూపు లేనివారు ‘టాక్‌బ్యాక్’ వాడుతుంటే అది కూడా యాక్సెసబిలిటీ జాబితాలోనే ఉంటుంది. భయపడి దాన్ని ఆపేయొద్దు, ఫోన్ వారికి పనికిరాకుండా పోతుంది.

కెమెరా, లొకేషన్: నిజంగా అవసరమయ్యే చోట్లు

అన్నీ వద్దనుకుంటే కూడా పని ఆగుతుంది. పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి ఈ-కేవైసీ చేసుకునే వీలు 2023 జూన్‌లో వచ్చింది. ఓటీపీ అక్కర్లేదు, వేలిముద్ర అక్కర్లేదు. ఒక రైతు తన ఫోన్‌తో చుట్టుపక్కల 100 మంది రైతులకు ఈ పని చేసిపెట్టొచ్చని కేంద్ర వ్యవసాయ శాఖ అప్పుడే చెప్పింది. కాబట్టి మీ ఫోన్ పాతదైతే, యాప్ వేసుకోవడం ఇష్టం లేకపోతే, నమ్మకమైన పక్కింటి రైతు ఫోన్‌లో చేయించుకోవచ్చు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులు ఇచ్చే జీవన్ ప్రమాణ్ కూడా ముఖం చూపించి ఇంట్లోనే చేసుకోవచ్చు. ఈ రెండిటికీ ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే ఆధార్ సంస్థ యాప్ తోడు కావాలి. ప్లే స్టోర్‌లో ఉంటుంది.

ఇక్కడ చాలామంది ఇరుక్కుంటారు. ముఖం తీసేటప్పుడు తెర నల్లగా ఉండిపోతుంది, లేదా ఎర్రర్ వస్తుంది. పథకం యాప్‌లో కెమెరా ఆన్‌లోనే ఉంది కదా అని తల పట్టుకుంటారు. ముఖం తీసే పని చేసేది ఆధార్ ఫేస్ ఆర్‌డీ. దాని కెమెరా అనుమతి విడిగా చూడాలి. దానికి హోమ్ తెర మీద గుర్తు కనిపించకపోతే సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి వెతకండి.

జీవన్ ప్రమాణ్ వాళ్లకు ఇంకో చిక్కు. ఏడాదికి ఒక్కసారి నవంబరులో వాడి మళ్లీ ముట్టుకోరు. ఆండ్రాయిడ్ 11, ఆ తర్వాతి ఫోన్లు కొన్ని నెలలు వాడని యాప్ నుంచి అనుమతులు వాటంతటవే తీసేస్తాయి. మరుసటి నవంబరు వచ్చేసరికి ‘పోయినేడు బాగానే అయింది, ఇప్పుడు అవ్వట్లేదు, ఫోన్ పాడైందేమో’ అనుకుంటారు. ఫోన్ పాడవలేదు. కెమెరా అనుమతి మళ్లీ ఇస్తే సరిపోతుంది. నిజానికి ఇది మంచి ఏర్పాటు, మర్చిపోయిన యాప్‌ల చేతిలో తాళాలు మిగిలిపోకుండా చూస్తుంది. అందుకని ఆ మీట ఆపొద్దు, ఏడాదికోసారి అనుమతి ఇచ్చుకుంటే చాలు.

లొకేషన్ విషయంలో ఆండ్రాయిడ్ 12 నుంచి రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి ‘ప్రిసైజ్’, అంటే ఖచ్చితంగా. రెండోది ‘అప్రాక్సిమేట్’, అంటే సుమారుగా మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో. చేను దగ్గరో, పనిచేసే చోటో నిలబడి ఫోటో తీయాల్సిన యాప్‌కు ఖచ్చితమైన లొకేషనే కావాలి, సుమారుది ఇస్తే ఫోటో ఆ చోటిదేనని తేలదు. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి హాజరు కోసం ఎన్ఎంఎంఎస్ యాప్‌తో రోజుకు రెండుసార్లు లొకేషన్ ఉన్న ఫోటో తీయడం తప్పనిసరి చేశారు. ఆ అనుమతులు కావాల్సింది మేటు ఫోన్‌కు గానీ కూలీ ఫోన్‌కు కాదు. అదే వాతావరణం చూపించే యాప్‌కైతే సుమారుది చాలు. ఏ యాప్‌కైనా ‘ఎప్పుడూ అనుమతించు’ అని ఇస్తే మీరు నిద్రపోతున్నా మీరున్న చోటు దానికి తెలుస్తూ ఉంటుంది. పథకాల పనికి అది అవసరం రాదు.

కాంటాక్టులు, ఫోటోలు: అప్పు యాప్‌ల సంగతి

సంఘం అప్పు ఆలస్యమైందని ఫోన్‌లో లోను యాప్ వేసుకున్న అక్కలు ఈ భాగం తప్పక చదవాలి. కొన్ని లోను యాప్‌లు కాంటాక్టులు, ఫోటోలు తీసేసుకుని, కిస్తీ ఒక్కరోజు ఆలస్యమైతే చుట్టాలకు ఫోన్లు చేయడం, ఫోటోలు మార్చి పంపించడం చేశాయి. పరువు పోతుందన్న భయంతో తీసుకున్నదానికి రెట్టింపు కట్టినవాళ్లు ఉన్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు.

రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఇచ్చిన డిజిటల్ లోన్ల మార్గదర్శకాల్లో దీనిపై స్పష్టంగా రాసింది. లోను యాప్‌లు ఫోన్‌లోని ఫైళ్లు, ఫోటోలు, కాంటాక్టుల జాబితా, కాల్ వివరాలు ముట్టుకోకూడదు. కేవైసీ కోసం కెమెరా, మైకు, లొకేషన్ ఒక్కసారి వాడుకోవచ్చు, అదీ అప్పు తీసుకునేవారి స్పష్టమైన ఒప్పుకోలుతోనే. కాబట్టి లోను యాప్ కాంటాక్టులు అడిగిందంటే అక్కడికక్కడే అది నిబంధన దాటినట్టు. ఆ యాప్ తీసేయడానికి ఇంకో కారణం వెతకక్కర్లేదు.

చట్టం ఏం చెబుతోంది?

2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో 6వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. ఒకామె ఫోన్‌లో వైద్యం అందించే యాప్ వేసుకుంటుంది. అది వైద్యం కోసం వివరాలతో పాటు కాంటాక్టుల జాబితా కూడా అడుగుతుంది. ఆమె రెండిటికీ సరే అంటుంది. అయినా వైద్యానికి కాంటాక్టులతో పని లేదు కాబట్టి ఆమె ఒప్పుకోలు వైద్యం వరకే చెల్లుతుంది అని చట్టమే చెబుతోంది. అంటే తెలియక ‘అలో’ నొక్కినంత మాత్రాన అన్నీ రాసిచ్చినట్టు కాదు. ఒప్పుకోలు అడిగే నోటీసు తెలుగులో చదువుకునే వీలు కూడా ఇవ్వాలి.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, సబ్సిడీలు, పథకాలు ఇవ్వడానికి ప్రభుత్వం వాడే వివరాలకు ఇదే చట్టంలో వేరే దారి ఉంది, దానికి ప్రతిసారీ మీ ఒప్పుకోలు తీసుకోనక్కర్లేదు. పైగా చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చినా, కంపెనీల మీద పెట్టిన బాధ్యతల్లో ఎక్కువ భాగం 18 నెలల తర్వాతే అమల్లోకి వస్తుంది. అందాకా, ఆ మాటకొస్తే ఆ తర్వాత కూడా, ఫోన్‌లోని మీట మీ చేతిలో ఉండటమే త్వరగా పనిచేసే రక్షణ.

ఇప్పుడే చూసుకోండి: పది నిమిషాల పని

ఫోన్ తీసుకోండి. కంపెనీని బట్టి దారులు వేరుగా ఉంటాయి కాబట్టి సులువైన పద్ధతి చెబుతాం. సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే పెట్టెలో ‘పర్మిషన్’ అని కొట్టండి. ‘పర్మిషన్ మేనేజర్’ లేదా అలాంటి పేరు వస్తుంది. అందులో ముందుగా ‘ఎస్సెమ్మెస్’ తెరవండి. అనుమతి ఉన్న యాప్‌ల జాబితా కనిపిస్తుంది. మెసేజ్‌ల యాప్, ఫోన్ యాప్, మీరు నిజంగా వాడే యూపీఐ, బ్యాంకు యాప్‌లు ఉంటే సరే. పథకం పేరుతోనో, మీకు గుర్తులేని పేరుతోనో ఏదైనా ఉంటే దాని మీద నొక్కి ‘డోంట్ అలో’ పెట్టండి. తర్వాత కాంటాక్టులు, మైకు, లొకేషన్ కూడా ఇలాగే.

రెండోసారి వెతికే పెట్టెలో ‘యాక్సెసబిలిటీ’ అని కొట్టి, అక్కడ డౌన్‌లోడ్ చేసిన యాప్‌లు అనే చోట ఏదైనా ఆన్‌లో ఉందేమో చూడండి. మూడోసారి ‘అన్‌నోన్ యాప్స్’ అని కొట్టండి. వాట్సాప్‌కు, బ్రౌజరుకు, ఫైళ్ల యాప్‌కు బయటి యాప్‌లు వేసే అనుమతి ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఈ ఒక్క మీట ఆపితే వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే పొరపాటున నొక్కినా ఫోన్ ఆగి అడుగుతుంది.

ఆండ్రాయిడ్ 12, ఆ పైన ఉన్న ఫోన్లలో ‘ప్రైవసీ డ్యాష్‌బోర్డు’ ఉంటుంది. గడిచిన 24 గంటల్లో కెమెరా, మైకు, లొకేషన్ ఏ యాప్ ఎప్పుడు వాడిందో అందులో గంటలతో సహా కనిపిస్తుంది. అలాగే కెమెరా గానీ మైకు గానీ నడుస్తున్నప్పుడు తెర పైమూల పచ్చ గుర్తు వెలుగుతుంది. మీరు ఫోటో తీయకుండా, ఫోన్ మాట్లాడకుండా ఉన్నప్పుడు ఆ పచ్చ గుర్తు వెలిగితే డ్యాష్‌బోర్డు తెరిచి చూడండి.

ఫైలు ఇప్పటికే వేసేశాం, ఇప్పుడేం చేయాలి?

ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వైఫై కూడా ఆపండి. మెసేజ్‌లు బయటకు పోవడం అక్కడితో ఆగుతుంది. తర్వాత ఇంకొకరి ఫోన్ నుంచి 1930కి కాల్ చేయండి. ఇది సైబర్ ఆర్థిక మోసాల సహాయ నంబరు. ఏ ఖాతా నుంచి ఎంత పోయింది, ఏ సమయంలో పోయింది, లావాదేవీ నంబరు ఏంటి అని అడుగుతారు. బ్యాంకు మెసేజో పాసుబుక్కో దగ్గర పెట్టుకోండి. ఎంత తొందరగా చేస్తే, దొంగ ఖాతాలో డబ్బు ఆగి ఉండే అవకాశం అంత ఎక్కువ. సాయంత్రం చూద్దాం, రేపు బ్యాంకుకెళ్దాం అనుకోవద్దు. ఫిర్యాదు నంబరు రాసుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ, ఏటీఎం కార్డు ఆపించండి. డబ్బు ఇంకా పోకపోయినా ఇవి ఆపించాలి.

ఆ తర్వాతే యాప్ తీయాలి. తీసే ముందు ఆ యాప్ పేరు, అది వచ్చిన వాట్సాప్ మెసేజ్, పంపిన నంబరు కనిపించేలా ఇంకో ఫోన్‌తో ఫోటోలు తీసి ఉంచండి. హోమ్ తెర మీద గుర్తు మాయమై ఉండొచ్చు, సెట్టింగ్స్‌లో యాప్‌ల పూర్తి జాబితాలో ఉంటుంది. ‘అన్‌ఇన్‌స్టాల్’ పనిచేయకపోతే వెతికే పెట్టెలో ‘డివైస్ అడ్మిన్’ అని కొట్టి, అక్కడ ఆ యాప్‌ను ఆపి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ పోకపోతే ఫ్యాక్టరీ రీసెట్ చేయించాలి. యూపీఐ పిన్, బ్యాంకు పాస్‌వర్డు మార్చేది ఫోన్ శుభ్రమయ్యాకే, లేదంటే వేరే ఫోన్‌లో. అదే ఫోన్‌లో అప్పుడే మారిస్తే కొత్త పిన్ కూడా వాళ్లకే చేరుతుంది.

మీ నంబరు నుంచి ఆ ఫైలు ఇంకెవరికైనా వెళ్లిందేమో చూసి, గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. మీ గొంతు అయితే జనం నమ్ముతారు.

ఎక్కువమంది అడిగేవి

‘డోంట్ అలో’ నొక్కితే పథకం నుంచి పేరు తీసేస్తారా? తీసేయరు. ఆ యాప్‌లో ఆ ఒక్క పని ఆగుతుంది, అంతే. కావాలంటే తర్వాత ఇవ్వొచ్చు. అర్హత జాబితాకూ ఫోన్ అనుమతికీ సంబంధం లేదు.

ప్లే స్టోర్‌లో ఉంటే నమ్మొచ్చా? వాట్సాప్ ఫైలు కంటే చాలా నయం, కానీ కళ్లు మూసుకుని కాదు. యాప్ పేరు కింద తయారుచేసినవారి పేరు ఉంటుంది, అది చూడండి. పథకం పేరు పెట్టుకుని సమాచారం మాత్రమే చూపించే ప్రైవేటు యాప్‌లు, ప్రకటనల కోసం చేసినవి కూడా అక్కడ ఉంటాయి.

సచివాలయంలో, మీసేవలో మా ఫోన్ అడిగి ఓటీపీ చూసుకుంటే తప్పా? మీరు ఎదురుగా ఉండి, ఏ పనికో తెలిసి, ఆ ఓటీపీ చదివి చెప్పడం వేరు. ఫోన్ చేతికిచ్చి పక్కకెళ్లడం వేరు. మెసేజ్‌లో ఆ ఓటీపీ దేనికో రాసి ఉంటుంది, చదివాకే చెప్పండి.

తెర చూపించే యాప్ వేయమంటున్నారు, వేయాలా? వద్దు. ఎనీడెస్క్ లాంటి యాప్‌ల ద్వారా ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. పథకం సమస్య ఏదైనా సచివాలయంలో కాగితం మీద పరిష్కారమవుతుంది.

ఫోన్ రీసెట్ చేస్తే పింఛను, రైతు డబ్బు వివరాలు పోతాయా? పోవు. పథకం వివరాలు మీ ఆధార్, ఖాతాలతో ప్రభుత్వ రికార్డుల్లో ఉంటాయి, ఫోన్‌లో కాదు. పోయేవి ఫోన్‌లోని ఫోటోలు, నంబర్లు లాంటివి, వాటిని ముందే దాచి పెట్టుకోండి. ఆధార్‌కు లింకైన సిమ్ మాత్రం పారేయొద్దు, మారిస్తే ఆధార్‌లో కొత్త నంబరు నమోదు చేయించుకోవాలి.